ఉపవాసం రోజు పెట్టిన ఫోటో

సోలో,
జనవరి 9.

చిరంజీవి నింగ్రుమ్‌కి,

ఈ కోడిగీతలు ఎవరివా అని కంగారుపడకు, నావే. ఎడమ చేత్తో రాస్తున్నాను. పక్షవాతం వచ్చి పది వారాలైంది కదా, వ్యాయామం చేయించే డాక్టరమ్మ రోజుకో పేజీ ఎడమ చేత్తో రాసి తీరాలంది. "ఫోను నొక్కుతున్నానుగా, అది లెక్కలోకి రాదా?" అని అడిగాను. "రాదమ్మా. ఆ పని మీ బొటనవేలు ఎప్పుడో నేర్చేసుకుంది" అంది. నిన్నగాక మొన్న చదువై వచ్చిన పిల్ల, నోరు మాత్రం బారెడు.

పేజీ అన్నాక ఎవరికో ఒకరికి రాయాలి. చిన్నాన్న కూతురివి, పదిహేనేళ్ళు నా పక్కన నిలబడి పని నేర్చుకున్నదానివి, నీకు కాక ఎవరికి రాస్తాను? నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. ఫోనులో పంపావంటే చదవను.

ఫోనులో నీ పేజీ నేను పెద్దగా చూడను. వేలు తగిలి ఎప్పుడైనా కనిపిస్తుంది, అంతే. మొన్న ఆ బాటిక్ కొట్టువాళ్ళ అమ్మాయి పెళ్ళి కనిపించింది. పద్నాలుగు వేల మూడు వందల పన్నెండు లైకులు. సంతోషం. వాళ్ళ అక్క నుదుట పాఎస్ దిద్దింది నేను. వాళ్ళమ్మ నుదుట దిద్దింది నా గురువు. రెండు తరాలుగా ఆ ఇంటి పెళ్ళికూతుళ్ళ నుదుట ఆ నల్లటి వంపులు మా చేతిమీదుగానే పడ్డాయి. నా చేయి పడిపోయిన వారం, నేను ఒప్పుకుని ఉన్న ఆరు పెళ్ళిళ్ళు నీ చేతిలో పెట్టాను. ఆరూ అయిపోయాయి. ఆ తరవాతవన్నీ నిన్ను వెతుక్కుంటూ సెమరాంగ్‌కే వెళ్ళాయి. నన్నెవరూ అడగలేదు. ఏకు మేకైందని నేను అనడం లేదు, మీ బావ అన్నారు.

ఇక అసలు సంగతి. మన అమ్మాయి లింతాంగ్ పెళ్ళి బెసార్ నెలలో, శుభకార్యాలు ఆపేసే సూరో నెల రాకముందే పెట్టుకున్నాం. దాని పాఎస్ నేనే దిద్దుతాను. అప్పటికి వేళ్ళు స్వాధీనంలోకి వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి. జడలో మల్లెలు గుచ్చడానికి మనిషి కావాలి.

నీ అక్క,
అంబర్వాతి

సెమరాంగ్,
జనవరి 17.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకుని మా ఆయన "ఇదేమిటి, పోలీసు వాళ్ళ నోటీసా?" అన్నాడు. కవరు మీద చిరునామా అంత భయంకరంగా ఉంది. నేను మాత్రం మూడుసార్లు చదువుకున్నాను. నీ అక్షరాలు వంకరైనా, నీ దెబ్బలు తిన్నగానే తగులుతున్నాయి.

పేజీ పెద్దగా చూడనంటావు, చివరి పన్నెండు లైకులు కూడా లెక్కపెట్టావు! నేను కూడా అంతగా చూసుకోలేదక్కా. పెళ్ళిళ్ళు నువ్వనుకున్నన్ని ఏమీ లేవు. ఏవో వస్తున్నాయి.

రేపొకటి ఉంది. అందుకని ఇవాళ ఉపవాసం. ఉప్పు లేని తెల్లన్నం, మంచినీళ్ళు. ఈ రోజుల్లో ఇదెవరు చేస్తున్నారని తోటివాళ్ళు నవ్వుతారు. పెళ్ళికూతురి ముఖాన కళ రావాలంటే దిద్దేవాళ్ళ కడుపు మాడాలని నువ్వు చెప్పిన మాట నాకు వేదం. నవ్వితే నవ్వనీ.

ఒక తమాషా చెబుతాను. "పాత సోలో" అనే పేరుతో ఎవరో నా ప్రతి ఫోటో కిందా చేరి తప్పులు పడుతున్నారు. ముఖం ఉండదు, ఊరు ఉండదు. మల్లెపూల గుర్తు ఒకటి. "పద్ధతి తెలియని చేయి" అంటారు, "గురువు పేరు చెడగొట్టే చేయి" అంటారు. మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు ఫోటో పెట్టగానే ముందు ఆ మల్లెపూల కోసమే వెతుకుతున్నాను. వంద మంది మెచ్చుకున్నా కడుపు నిండదు, ఆ ఒక్కరి మాటే పంటికింద రాయిలా తగులుతుంది.

లింతాంగ్ పెళ్ళికి నువ్వేం చేయమంటే అది చేస్తాను. పూలు గుచ్చమంటే గుచ్చుతాను.

నీ చెల్లెలు,
నింగ్రుమ్

సోలో,
ఫిబ్రవరి 3.

నింగ్రుమ్‌కి,

ఎడమ చేత్తో టీ గ్లాసు ఒలకకుండా ఎత్తాను. ఈ ఇంట్లో ఈ నెల జరిగిన మంచి అదొక్కటే.

రాత్రి భోజనాల దగ్గర లింతాంగ్ నీ వీడియో పెట్టింది. పాఎస్ దిద్దే నీ పుల్ల నుదుటి నడుమ పెద్ద వంపు గీస్తుంటే అది అన్నం మానేసి చూస్తోంది. చూసీ చూసీ అంది కదా: "అమ్మా, నాకు పిన్ని చేత దిద్దించుకోవాలని ఉందే. నా స్నేహితులంతా అడుగుతున్నారు, మీ పిన్నే కదా అని." వాళ్ళ నాన్న గ్లాసుతో బల్ల మీద చిన్నగా కొట్టారు. అది నాలుక కరుచుకుని "కాదులే, నువ్వే, నువ్వే" అంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. కన్నబిడ్డ నుదురు కూడా నీ పేజీలోకే వచ్చేస్తుందా అనిపించింది. ఉన్నమాట రాస్తున్నాను. నాకు కడుపు మండింది.

పొద్దుటి నుంచి చేసే పని లేదు. మీ బావ కాలేజీకి వెళ్ళిపోతారు. పిల్ల ఉద్యోగానికి. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటాను. ఫోను తీస్తే నువ్వు, తీయకపోతే ఈ చేయి. రెంటిలో నిన్ను చూడడమే కాస్త మేలు. వారం చివర ఆ ఫోనే చెప్పింది, రోజుకు పదకొండు గంటలు చూశానట. అది అబద్ధమాడుతోందని మీ బావతో అన్నాను.

నువ్వు చెప్పిన ఆ పాత సోలో ఎవరో పెద్దావిడ అయి ఉంటుంది. పెద్దవాళ్ళు ఊరికే అనరు. అందులో నిజం ఎంతుందో చూసుకోవడం నీకే మంచిది. నువ్వు కూడా ఫోను తగ్గించు. కళ్ళు పోతాయి.

అక్క

సెమరాంగ్,
ఫిబ్రవరి 25.

అక్కా,

నీకు తెలిసే ఉంటుంది. ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

పోయిన శనివారం పెళ్ళి. శుక్రవారం ఉపవాసం. ఆ మధ్యాహ్నం ఒక పాత ఫోటో పెట్టాను. స్టేషను పక్క బక్సో బండి దగ్గర నేను మాంసపు ఉండల పులుసు తింటూ నవ్వుతున్నది. ఏమీ రాయలేదు, ఊరికే పెట్టాలనిపించి పెట్టాను. శనివారం పీటల మీద పెళ్ళికూతురికి కళ్ళు తిరిగాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, బిగువు నడికట్టు, ఎండ. నీళ్ళు తాగించాక లేచి కూర్చుంది. అంతటితో పోయేది.

సాయంత్రానికి పాత సోలో రాసింది: "చూడండి. రేపు పెళ్ళనగా ఈవిడగారి ఉపవాసం ఇదీ. పక్కనెవరో కూర్చుని కారం వడ్డిస్తున్నారు కూడా, చేయి కనబడుతోంది. పెళ్ళికూతురు పడిపోక ఏమవుతుంది?"

గోరంత కొండంతైంది. ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని పంచుకున్నారు. పాత ఫోటో అని చెప్పాను. "దొరికాక అందరూ పాతదే అంటారు" అని మళ్ళీ ఆవిడే రాసింది. పెళ్ళికూతురి తల్లి మా కొట్టుకొచ్చి అందరి ముందూ ఏడ్చింది. "మా పిల్ల కాపురానికి ఏమైనా అయితే నీదే పాపం, తెలుసుకో" అంది. నేనామె కాళ్ళు పట్టుకున్నాను. చేయని తప్పుకు కాళ్ళు పట్టుకున్నానక్కా! రంజాన్ తరవాత ఒప్పుకున్న తొమ్మిది పెళ్ళిళ్ళలో ఏడు వద్దన్నారు.

చదవకూడదనుకుంటూనే చదువుతున్నాను. అన్నం కలుపుతూ చదువుతున్నాను. స్నానానికి వెళ్తూ ఫోను తీసుకెళ్తున్నాను. నిన్న ఒక పిల్లకి నుదుట గీత పెట్టబోయి పుల్ల కింద పెట్టేశాను. నీకు ఒళ్ళు బాగాలేక చేయి ఆగింది. నాకు ఒళ్ళంతా బాగానే ఉంది, అయినా ఆగింది.

ఒక్క సాయం చెయ్యి. సోలోలో, సెమరాంగ్‌లో నీ మాటంటే గౌరవం. నా చెల్లెలు ఉపవాసం తప్పదు అని నీ పేరుతో ఒక్క వాక్యం రాయి. నువ్వు చెప్పగలవు. నువ్వొక్కదానివే చెప్పగలవు.

నింగ్రుమ్

సోలో,
మార్చి 12.

నింగ్రుమ్‌కి,

ఆలస్యమైంది. రంజాన్ ఉపవాసాలు, ఇంటి పని, ఈ చేయి.

నువ్వడిగింది ఆలోచించాను. ఇలాంటివాటిలో తలదూర్చితే మరింత రాజుకుంటుంది. చెల్లెలు కాబట్టి వెనకేసుకొస్తోందంటారు. నలుగురూ మరిచిపోయేదాకా ఓపిక పట్టు. అయినా అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పెళ్ళి ముందురోజున ఆ ఫోటో పెట్టమని నిన్నెవరడిగారు? పాతదో కొత్తదో దేవుడికెరుక, చూసేవాళ్ళకి తేదీ ఒక్కటే కనబడుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాకు ఆకలి బాగా వేస్తోంది, ముఖం తేరుకుందని మీ బావ కూడా అన్నారు. లింతాంగ్ ఇప్పుడు నీ వీడియోలు పెట్టడం లేదు. పిన్ని చేత దిద్దించుకుంటానని అనడమూ లేదు.

అక్క

సెమరాంగ్,
ఏప్రిల్ 8.

అక్కకి,

రంజాన్ పండక్కి రాలేకపోయాను. ఏటా నీ కాళ్ళ దగ్గర కూర్చుని, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని అడిగేదాన్ని. పదిహేనేళ్ళలో ఇదే మొదటిసారి తప్పింది. ఇంటి బయట అడుగు పెట్టబుద్ధి కాలేదు.

రంజాన్ నెలంతా ఫోను మా ఆయన బీరువాలో పెట్టి తాళం వేశాడు. మొదటి వారం పిచ్చిదానిలా తాళం కోసం వెతికాను. మూడో వారానికి నిద్ర పట్టింది. ఇప్పుడు తలనొప్పి లేదు. పనీ లేదు. కొట్టు ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకు చెప్పాను.

ఫోటో ఎందుకు పెట్టావని అడిగావు. నీకది తెలియకపోవడమే నాకు ఆశ్చర్యం. చెబుతాను.

ఉపవాసానికి ముందురోజు నువ్వు నన్ను ఆ బండి దగ్గరకి తీసుకెళ్ళేదానివి. "తినవే, రేపు మొహం మొత్తేలా తెల్లన్నమే" అనేదానివి. ఆ శుక్రవారం ఒక్కదాన్నే చప్పిడి అన్నం ముందు కూర్చున్నాను. నువ్వు గుర్తొచ్చావు. రెండేళ్ళ కిందటి ఫోటో తీశాను. ఒళ్ళు బాగయ్యేదాకా నీ ముఖం ఎక్కడా పెట్టొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావు కదా, అందుకని నీ ముఖం ఉన్న వైపు కత్తిరించాను. నీ చేయి మాత్రం కత్తిరించబుద్ధి కాలేదు. నా గిన్నెలో కారం వేస్తున్న చేయి. పాఎస్ రంగుకు మైనం కాచే గిన్నె తగిలి కాలిన మచ్చ బొటనవేలి కింద స్పష్టంగా ఉంది. నీ కుడి చేయి అక్కా.

నువ్వు చూడగానే "ఆ చేయి నాది, ఇప్పుడది లేవదు, కాబట్టి ఫోటో పాతది" అని చెబుతావనుకున్నాను. నువ్వొక్కదానివే చెప్పగలవని అందుకే రాశాను. నేనే చెబుదామంటే, నీ చేయి పడిపోయిందని ఊరంతటికీ చాటినట్టవుతుంది. నీకది ఇష్టం ఉండదు. నువ్వు చెప్పలేదు. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. ఏం తప్పు చేశానో తెలిస్తే ఆ తప్పుకే క్షమాపణ అడుగుదును.

పూర్తి ఫోటో కాగితం మీద వేయించి ఇందులో పెడుతున్నాను. ఇద్దరం ఉన్నది. నీ దగ్గరే ఉంచుకో.

లింతాంగ్ పెళ్ళికి మరో మనిషిని చూసుకో. నా చేయి మంచిది కాదంటున్నారు. ఆడపిల్ల పెళ్ళి.

నింగ్రుమ్

సోలో,
ఏప్రిల్ 15.

నింగ్రుమ్,

పాత సోలో నేనే.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. మల్లెపూల గుర్తు నాది. పద్ధతి తెలియని చేయి అన్నది నేను. ఆ మాటలన్నీ నొక్కింది డాక్టరమ్మ మెచ్చుకున్న బొటనవేలే.

నువ్వు పంపిన ఫోటోలో ఆ మచ్చ చూశాను. ఆ కత్తిరించిన ఫోటో నేను వందసార్లు చూశాను. పెద్దది చేసి చూశాను. నీ గిన్నె చూశాను, నీ పెదాల రంగు చూశాను, నీ నవ్వు చూశాను. నా చేయి నేను గుర్తుపట్టలేదు! యాభై ఏళ్ళు నాతో అన్నం తిన్న చేయి. దాన్ని పరాయి చేయన్నాను, దాన్ని పట్టుకునే నిన్ను కొట్టాను.

ఎందుకు చేశానని అడుగుతావు. ఓర్వలేక. ఇంకో కారణం వెతికాను, దొరకలేదు. నీకు ఏడు పెళ్ళిళ్ళు పోయాయని చదివిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. నువ్వు తెలుసుకోవాలి, నేను అంతకు దిగాను.

ఇంకో అబద్ధం కూడా ఉంది. వేళ్ళు వస్తాయని డాక్టరమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే ఆవిడ చెప్పేసింది: "చెంచా పట్టుకోగలరేమో అమ్మా, సన్నపని మాత్రం ఇక ఆశ పెట్టుకోకండి." ఆ మాట మీ బావకు కూడా చెప్పలేదు. చెబితే లింతాంగ్ నుదురు నీదైపోతుంది. ఆ ఒక్క నుదురైనా నాకు మిగలాలనుకున్నాను. నువ్వు చెడ్డదానివైతే అది నిన్ను అడగదనుకున్నాను. అలాగే జరిగింది కూడా.

నిన్న నా సొంత పేరుతో అంతా రాశాను. పూర్తి ఫోటో పెట్టాను, పక్కన ఇప్పటి చేయి ఫోటో పెట్టాను. రెంటిలోనూ మచ్చ ఒక్కటే. ముఖం చూపించొద్దన్న ఒట్టు నేనే తీసేశాను. ఇప్పుడు నన్ను తిడుతున్నారు. నీ మీద పడ్డవాళ్ళే నా మీద పడ్డారు, మాటలు కూడా అవే. మధ్యాహ్నం దాకా చదివి, ఫోను లింతాంగ్‌కి ఇచ్చేశాను. అది తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "పిన్ని నీకేం చేసిందమ్మా?" అంది.

క్షమించమని అడిగే ముఖం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. వచ్చి నా బిడ్డ నుదుట దిద్దు. నా కోసం కాదు. నువ్వు రాకపోతే దాని నుదుట గీత గీసే మనిషిని నేను వెతకను, దిద్దకుండానే పంపిస్తాను.

అంబర్వాతి

సెమరాంగ్,
మే 6.

అంబర్ అక్కకి,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి. ఇప్పుడు కూడా వస్తున్నాయి, కానీ కాగితం మీద తిట్టడం నాకు చేతకాదు. నువ్వు బాగా నేర్చుకున్నావు.

నువ్వని తెలియక ముందు భయపడ్డాను. తెలిశాక అసహ్యం వేసింది. నాకు "అక్క" అని సంతకం పెట్టి ఉత్తరం రాసి, అదే వేళ్ళతో అక్కడ అలా రాశావు. పెద్దావిడ అయి ఉంటుంది, నిజం చూసుకో అన్నావు. ఆ వాక్యం చదివి మా ఆయన కాగితం విసిరికొట్టాడు.

నాలుగు పెళ్ళిళ్ళు తిరిగి వచ్చాయి. మూడు రాలేదు. ఆ పెళ్ళికూతురి తల్లి మిఠాయి పంపింది, నేను తినలేదు.

తప్పు చేసిన చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోవాలి, అది మన ఆచారం. పెద్దవాళ్ళు తప్పు చేస్తే ఏం చేయాలో మనకెవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

లింతాంగ్ ఫోను చేసింది. ఏడ్చింది. చిన్నప్పుడు నా చేత స్నానం చేయించుకున్న పిల్ల. దాని కోసం వస్తాను. ముందురోజు ఉపవాసం నేనుంటాను, నా ఇంట్లో ఉంటాను. తెల్లవారుజామున వస్తాను, పని అవగానే వెళ్తాను. నువ్వు గదిలో ఉండాలి. నా ఎదురుగా కూర్చోవాలి. చూడాలి. నీకు చెప్పదలుచుకున్నది అంతే.

నింగ్రుమ్

సోలో,
జూన్ 19.

చెల్లీ,

పెళ్ళి అయి నాలుగు రోజులైంది. అల్లుడూ అమ్మాయీ బాండుంగ్ వెళ్ళారు. డాక్టరమ్మ పేజీలు రాయడం ఆపొచ్చంది. ఇది నీకు రాయాలనిపించి రాస్తున్నాను.

నువ్వన్నట్టే ఎదురుగా కూర్చున్నాను. నువ్వు నా వైపు చూడలేదు. లింతాంగ్ గడ్డం ఎత్తి, గోరుతో నుదుటి నడుమ గుర్తు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో పెద్ద వంపు తెచ్చావు. నేనైతే మధ్యలో ఒకసారి పుల్ల ఎత్తేదాన్ని. నువ్వు ఎత్తలేదు. తరవాత పక్క వంపులు, చెవుల ముందు గీతలు. నేను చూస్తున్నానని నువ్వనుకుంటావు. నేను వెతుకుతున్నాను. నా బిడ్డ పెళ్ళినాడు, నా బిడ్డ ముఖంలో, ఎక్కడైనా ఒక్క వెంట్రుకవాసి తప్పు దొరుకుతుందేమోనని కళ్ళు చిట్లించి వెతికాను. అసూయ పోయిందని నీకు అబద్ధం రాయను. అది నాతోనే కూర్చుని చూసింది.

దొరకలేదు.

అప్పుడు నువ్వు పుల్ల పక్కన పెట్టి మొదటిసారి నా వైపు తిరిగి, "చూడక్కా, ఎలా ఉంది?" అన్నావు. గదిలో పూలు గుచ్చే ఆడవాళ్ళున్నారు, మీ బావ గుమ్మంలో ఉన్నారు, లింతాంగ్ అద్దంలోంచి నన్నే చూస్తోంది. నువ్వు తొందరపెట్టలేదు, సాయం కూడా చేయలేదు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డావు. ఆ మాట కోసం నేను లోపల ఎంత కిందికి దిగానో నాకే తెలుసు.

"నా గీత కన్నా బాగుంది" అన్నాను.

నువ్వు తల ఊపి, సామాను సర్దుకుని బయలుదేరావు. భోజనానికి ఆగమని లింతాంగ్ కొంగు పట్టుకున్నా ఆగలేదు. నేను పిలవలేదు, పిలిచే హక్కు లేదనుకుని. అది తప్పు. హక్కు ఉన్నా లేకపోయినా పిలవాల్సింది. ముందురోజు నుంచి ఉపవాసంతో ఉన్న మనిషివి, ఎనిమిది వందల మంది తిన్న ఇంట్లోంచి ఖాళీ కడుపుతో వెళ్ళావు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఎప్పుడైనా ఇటు వస్తే అన్నం తిని వెళ్ళు. ఎడమ చేత్తో వడ్డిస్తాను, తప్పు పట్టకు.

అంబర్